కార్నకోస్కిలో పగటి నిద్ర

హిల్కా గురించి ఊళ్ళో అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. అందరూ ఆమె మంచి కోరే మాట్లాడుతున్నారు. నాకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. నేను ఆమె పక్కింటిదాన్ని, పేరు సిర్కా. పెళ్ళి చేసుకోలేదు. మా ఊరు కార్నకోస్కి కాగితం మిల్లులో, కాగితాలు ఏరే హాల్లో పనిచేసి రిటైరయ్యాను. దొంతరలోంచి ఒక్కో కాగితం ఎత్తి చూసి, చిల్లో మచ్చో ఉంటే పక్కన పడేయడం మా పని. ఆ అలవాటు కాగితాలతో ఆగకుండా మనుషుల మీదకి కూడా పాకిందని మా అన్నయ్య అనేవాడు.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. పోయిన నవంబరులో హిల్కా మొగుడు తౌనో పగటిపూట పడుకుని మళ్ళీ లేవలేదు. పోయే ముందు ఒకసారి ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆమె తలుపు దాకా వెళ్ళింది, తీయలేదు. సాయంత్రం తీసింది. ఆ పిలుపు నిద్రలో పలవరింతా, తెలివి ఉండి పిలిచినదా అన్నది ఒక్కటే అప్పటినుంచీ ఆమెకు తేలాల్సింది. ఊరంతా ఒక్క గొంతుతో పలవరింతే అని తేల్చేసింది.

ఆమె తలుపు ఎందుకు తీయలేదో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా మిల్లు నడిచిన రోజుల్లో కాగితం మిషన్లు రాత్రీ పగలూ తిరిగేవి. మగవాళ్ళు మూడు షిఫ్టుల్లో వాటికి కాపలా. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పగలు పడుకోవాలి. వాడు మంచమెక్కగానే ఇంటావిడ వీధి తలుపు పిడికి ఒక కంబళి ముక్క కట్టేది. తడి కాగితంలోంచి నీళ్ళు పిండడానికి మిషన్ మీద తిరిగే మందపాటి కంబళి అది. అరిగిపోయాక ముక్కలు కోసి పనివాళ్ళకు పంచేవారు. మా దుప్పట్లు దానితోనే, పిల్లల కోట్లు దానితోనే, చివరికి కుక్కల పడకలూ దానితోనే. పిడికి ఆ ముక్క వేలాడుతుంటే ఆ తలుపు ఎవరూ తట్టరు. పోస్టుమాన్ వరండా ఎక్కడు. పాస్టరుగారు ఆ వీధి మొదట్లోనే సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళేవారు. ఎవరింట్లోనో పొగగొట్టం అంటుకుంటే ఫైరింజను వాళ్ళు కూడా మునివేళ్ళ మీద వచ్చి ఆర్పి వెళ్ళారని మా వాళ్ళు చెప్పుకుని నవ్వుతారు. అబద్ధమే అయుండాలి, కానీ నమ్మేట్టు ఉంటుంది.

నవ్వు వెనక భయం ఉంది. వైక్కో అని తౌనో షిఫ్టులోనే ఒకడుండేవాడు. ఒకరోజు వాడు పడుకున్న కాసేపటికి పిల్లి ఇంటి కప్పెక్కి దిగడం లేదని పెళ్ళాం లేపింది. మళ్ళీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి తూగుతూ పనిచేశాడు, రోలర్ల మధ్య చెయ్యి పోయింది. తర్వాత జన్మంతా ఒంటి చేత్తో మంచు మీద ఆటలాడే మైదానం దగ్గర టికెట్లు చింపాడు. వాడి పెళ్ళాన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మాత్రం మానేశారు. ఊరికి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ మొదటి వారంలోనే ఈ కథ చెప్పేవారు. నిద్రపోయేవాడు అరుస్తాడు, కేకలేస్తాడు, మిషన్‌తో మాట్లాడతాడు. ఏమన్నా సరే నువ్వు పలకకూడదు, తలుపు తీయకూడదు.

హిల్కా ఆ కథ విన్నప్పుడు ఫక్కున నవ్విందట. ఆమెది ఏటికి ఎగువన, సరస్సు ఒడ్డున ఒంటరి ఇల్లు. వాళ్ళ ఇంట్లో అందరిదీ పెద్ద గొంతు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కేకేసి అన్నానికి పిలుచుకునేవాళ్ళు. అలాంటి పిల్ల ఇరవై ఒకటో ఏట మా వరస ఇళ్ళలోకి కాపురానికి వచ్చింది. ఈ ఇళ్ళు మిల్లు వాళ్ళు కట్టించినవి. చెక్క గోడల మధ్య నింపిన రంపపు పొట్టు ఎప్పుడో కిందికి దిగిపోయింది. అటు తుమ్మితే ఇటు చిరంజీవ అనొచ్చు. వచ్చిన నాలుగో రోజో ఐదో రోజో హిల్కా వంటింట్లో గిన్నె మూత జారవిడిచింది. ఆ చప్పుడు నేనూ విన్నాను. తర్వాత చాలాసేపు అటువైపు ఏమీ వినిపించలేదు. అత్తగారు కొట్టలేదు, తిట్టలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మూత గిన్నె మీద ఎలా పెట్టాలో చూపించింది. ముందు ఒక అంచు ఆనించాలి, వేలు అడ్డం పెట్టాలి, తర్వాత వేలు మెల్లగా లాగేయాలి.

నేర్చుకుంది. మా వీధిలో ఎవరూ నేర్చుకోనంతగా నేర్చుకుంది. బంగాళాదుంపలు నీళ్ళలో ముంచి చెక్కు తీసేది, చాకు చప్పుడు కాకుండా. గోడ గడియారాన్ని పగలంతా ఆవిరి స్నానాల సౌనా గదిలో తువ్వాలులో చుట్టి ఉంచేది. కాఫీ గింజలు మా ఇంటికి తెచ్చి విసురుకునేది, ఎందుకంటే మొగుడు లేని ఇల్లు నాదొక్కటే. కొడుకు ఇస్మో పుట్టాక వాడు ఏడుస్తాడని మంచులో బండి మీద పెట్టి ఏటి గట్టున లాక్కుంటూ తిరిగేది. చలికి వాడి బుగ్గలు కందేవి, ఈమె కనురెప్పల మీద మంచు పేరుకునేది. వాడు గుసగుసలు తప్ప మామూలు మాట రాకుండా పెరిగాడు. బడిలో వేశాక టీచరు పిలిపించి, పిల్లాడి గొంతులో ఏదో లోపం ఉంది, డాక్టరుకు చూపించమంది. హిల్కా ఆ మాట చెప్పినప్పుడు నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. ఇప్పుడు వాడు పక్క ఊళ్ళో బస్సు నడుపుతాడు. స్టాపు పేరు చెబితే ముందు సీట్లో వాళ్ళకు కూడా వినబడదంటారు.

తౌనో చెడ్డవాడు కాదు. మా ఊరి లెక్కలో తక్కువే తాగేవాడు. కట్టెలు కొట్టేవాడు, చేపలు తెచ్చేవాడు, నా మెట్ల మీద మంచు కూడా అడక్కుండానే తోసేవాడు. మాట్లాడేవాడు కాదు, అంతే. హిల్కాను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. మొదట్లో "ఇదిగో" అనేవాడు, కొడుకు పుట్టాక "అమ్మ" అన్నాడు, మాతో చెప్పేటప్పుడు "మా ఇంటావిడ" అనేవాడు. పెళ్ళినాడు పాస్టరు చెప్పించినప్పుడు ఒకసారి అన్నాడని హిల్కా ఓసారి నాతో అంది. ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టే అంది. వాళ్ళ కాపురం సగం వీధి గుమ్మంలోనే గడిచింది. ఆయన టిఫిను డబ్బాతో బయటికి, ఆమె పాల సీసాతో లోపలికి. ఒకే మంచం మీద ఇద్దరూ ఒకేసారి నిద్రపోయే రాత్రులు తక్కువ. దాని గురించి ఆమె ఎప్పుడూ సణగలేదు. మిల్లు మూసేస్తున్నారని తెలిసినప్పుడు మాత్రం ఊరంతా మొహాలు వేలాడేసుకుంటే, హిల్కా మా వంటింట్లో కూర్చుని మెల్లగా అంది, ఇక తౌనో రాత్రిళ్ళు పడుకుంటాడు కదా అని. ఆమె మొహంలో సంతోషం చూసి నాకు ఎవరైనా వింటారేమోనని భయమేసింది.

మిల్లు మూశారు. మిషన్‌ని విప్పి, ముక్క ముక్కకీ పసుపు రంగుతో అంకె వేసి, ఎక్కడికో ఓడల్లో పంపారు. మగవాళ్ళు కంచె బయట నిలబడి చూశారు.  అప్పటి సంగతి తలుచుకుంటే నాకు కోపం కూడా రాదు, పంటి డాక్టరు ఇంజెక్షను ఇచ్చాక దవడ ఉంటుందే, అలా ఉంటుంది. ఊరికీ అలాగే ఉండి ఉంటుంది.

హిల్కా కంబళి ముక్కని ఉతికి బీరువాలో పెట్టింది. తౌనో రాత్రిళ్ళు ఆమె పక్కన పడుకున్నాడు. పడుకున్నాడే గానీ నిద్ర రాలేదు. లేచి వంటింటి కిటికీ దగ్గర కూర్చునేవాడు. పగలు కుర్చీలో తల వాల్చేవాడు. కొన్ని వారాలు చూశాడు. ఒక సాయంత్రం డబ్బా సర్దమన్నాడు. రాత్రి డ్యూటీ వేళకి మిల్లు కంచె దగ్గరికి వెళ్ళి, గేటు ఎదురు బెంచీ మీద కూర్చుని, మధ్య మధ్య కంచె పొడుగునా నడిచి, తెల్లారి వచ్చి పడుకున్నాడు. తౌనో ఒక్కడే కాదు. వాళ్ళ పాత షిఫ్టు మేస్త్రి ఉర్పో కూడా అక్కడే ఉండేవాడు, ఇంకా ఒకరిద్దరు. అది పిచ్చని ఎవరూ అనలేదు. హిల్కా బీరువా తెరిచి కంబళి ముక్క తీసి మళ్ళీ పిడికి కట్టింది. వీధిలో పిల్లలు మళ్ళీ అటువైపు బంతి ఆడటం మానేశారు. నేను రేడియో గొంతు తగ్గించాను. అలా పదిహేనేళ్ళు నడిచింది.

ఆ నవంబరు పొద్దున కూడా తౌనో వచ్చాడు, గంజి తాగాడు, పడుకున్నాడు. హిల్కా వంటింట్లో దుంపలు చెక్కు తీస్తోంది. పొద్దు పూర్తిగా తెల్లబడ్డాక లోపలినుంచి పిలుపు వినిపించింది. హిల్కా, అని. ఒక్కసారే, గట్టిగా కాదు. ఆమె చేతులు తుడుచుకుని గది తలుపు దగ్గరికి వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. మళ్ళీ ఏమీ వినిపించలేదు. వైక్కో చెయ్యి గుర్తొచ్చిందట. ఇప్పుడు రోలర్లు ఎక్కడున్నాయని నేను అడగొచ్చు, కానీ నేను ఆ తలుపు ముందు లేను. ఆమె చెయ్యి తీసేసి వెనక్కి వచ్చి మిగతా దుంపలు కూడా చెక్కు తీసింది. రోజూ ఆయన లేచే వేళకి తలుపు తీస్తే, తౌనో మంచానికీ గోడకీ మధ్య జారి ఉన్నాడు. మొహం తలుపు వైపే ఉంది.

నన్ను పిలిచింది. నేను అంబులెన్సుకు ఫోను చేశాను. అప్పటికే వరండాలో మనుషులు చేరారు. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన డాక్టరు కుర్రవాడు, దక్షిణం వాడు. గుండె అన్నాడు. పొద్దుటే అయుంటుంది, వెంటనే పోయి ఉండకపోవచ్చు అన్నాడు. ఏమైనా వినిపించిందా అని మామూలుగా అడిగాడు. అతని తప్పేమీ లేదు, అడగాల్సిందే కదా. హిల్కా, పిలిచాడు అంది. వెంటనే గదిలో ఉన్న నలుగురూ ఒకేసారి, నిద్రలో, నిద్రలో అన్నారు. డాక్టరు వాళ్ళ మొహాలు చూసి కలం మూసేశాడు.

సమాధి అయ్యాక చర్చి హాల్లో కాఫీ, యాలకుల బన్నులు. ఒక్కొక్కరే హిల్కా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, మా ఆయనా అంతే అన్నారు. ఒకామె మొగుడు నిద్రలో మేనేజరుని బూతులు తిట్టేవాడట. ఇంకొకామె మొగుడు ఆవిరి ఒత్తిడి అంకెలు చదివేవాడట, ఒకసారి ఆ అంకెలకి లాటరీ టికెట్టు కొంటే పైసా రాలేదట. నవ్వులు కూడా వచ్చాయి. అలాంటి చోట నవ్వు బాగానే ఉంటుంది. పాస్టరమ్మ కూడా, నువ్వు చేయాల్సిందే చేశావమ్మా, ఆయన విశ్రాంతిని కాపాడావు అంది. హిల్కా కప్పు పట్టుకుని అందరి మాటా విన్నది.  తర్వాత ఉర్పో దగ్గరికి వెళ్ళి, తౌనో బెంచీ మీద ఎప్పుడైనా కునుకు తీసేవాడా, తీస్తే ఏమని అరిచేవాడు అని అడిగింది. ఉర్పో టోపీ అటూ ఇటూ తిప్పి, చూస్తాను అన్నాడు. ఏం చూస్తాడో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆమె ఇంటింటికీ తిరిగింది. తౌనోతో పనిచేసినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎంతమందో లేరు. అందరినీ అదే అడిగింది. మిల్లులో తౌనో నిద్రలో మాట్లాడగా విన్నారా? పేర్లేమైనా అన్నాడా? నా పేరు అన్నాడా? పాపం, మనసు ఆమెను తినేస్తోంది, తప్పు తనదేనని కుమిలిపోతోంది అని ఊరంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఎలాగైనా ఆ బరువు దించేయాలని అందరికీ ఒకటే తపన. దుకాణంలో తూకం వేసే ఆమె కూడా ఉప్పుచేప పొట్లం కడుతూ, పలవరింతేనమ్మా అనేది.

ఉర్పో చూస్తానన్నది చూశాడు. ఒక మధ్యాహ్నం హిల్కా ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మా ఊళ్ళో ఉర్పో మాటంటే మాటే. ముప్పై ఏళ్ళు మేస్త్రిగా ఉండి ఎవరి మీదా అబద్ధపు ఫిర్యాదు రాయని మనిషి. కోటు విప్పకుండా కూర్చున్నాడు, కాఫీ చల్లారేదాకా చెంచా తిప్పుతూనే ఉన్నాడు.

"తౌనో బెంచీ మీద కునుకు తీసేవాడు," అన్నాడు చివరికి. "తీసినప్పుడల్లా నీ పేరే పిలిచేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. అది పిలుపు కాదు హిల్కా, పలవరింత. నువ్వు తలుపు తీయకపోవడమే మంచిదైంది."

"నా పేరేనా?"

"నీ పేరే."

హిల్కా అతనికి థాంక్స్ చెప్పి రెండో కప్పు పోసింది. అతను పోతూ గుమ్మంలో ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. నేనూ ఊపిరి వదిలాను. సాయంత్రానికల్లా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. పోనీలే, మనిషి కుదుటపడుతుంది అన్నారు.

కుదుటపడలేదు. అప్పటిదాకా ఇంటింటికీ తిరిగిన మనిషి తిరగడం మానేసింది. నేను బన్నులు పట్టుకెళ్తే ముందురోజువి అలాగే ఉండేవి. హిల్కా నిశ్శబ్దం నాకు నలభై ఏళ్ళుగా తెలుసు, దానిలో కూడా ఆమె ఏం చేస్తోందో గోడ ఇవతల నుంచే చెప్పగలను. ఇప్పుడు అటుపక్క నిజంగానే ఏమీ లేదు. వెళ్ళి చూస్తే గదిలో తౌనో మంచం అంచున కూర్చుని ఉండేది. నాకు ఓపిక తక్కువ. ఏమే, ఉర్పో అంతవాడు వచ్చి చెప్పాక కూడా ఇంకా ఏమిటే నీ బాధ అని కసిరాను. చెప్పాడుగా, అంది. దుప్పటి అంచు సర్ది, అయితే అదీ లేదన్నమాట అంది. ఏది లేదని అడిగితే చెప్పలేదు. ఇస్మో వచ్చి రెండు రోజులుండి, గుసగుసగా బతిమాలి, తినిపించి వెళ్ళాడు. వాడు వెళ్ళాక మళ్ళీ మామూలే. ఈమె కూడా ఇలాగే పోతుందని నాకు అనిపించింది. అనిపించినా గుండె ఝల్లుమనలేదు. అలా అనుకుని, స్టవ్ మీద సూపు కలుపుకున్నాను. అంత మొద్దుబారి ఉన్నాం మేమందరం.

సూపు కలుపుతుంటేనే తట్టింది. ఆ గోడకి అటువైపు తౌనో మంచం, ఇటువైపు నా స్టవ్. అతని పగటి నిద్ర మొత్తం నా చెవిలోనే గడిచింది. నీళ్ళు ఆపు అని అరిచేవాడు. జరుగు, జరుగు అనేవాడు. అన్నిటికంటే ఎక్కువగా వైక్కో, వైక్కో అని పిలిచేవాడు. ఆ చెయ్యి పోయిన రాత్రి పక్కన నిలబడింది తౌనోనే. కొన్నిసార్లు చిన్నప్పుడు పోయిన చెల్లెలి పేరు. హిల్కా పేరు మాత్రం ఒక్కనాడూ వినలేదు. మంచం మీద ఇన్నేళ్ళూ పలకని పేరు బెంచీ మీద ఎలా పలికాడు?

సూపు దించేసి ఉర్పో ఇంటికి వెళ్ళాను. కొట్టంలో భూర్జ కట్టెలు పేర్చుకుంటున్నాడు.

"ఉర్పో, తౌనో బెంచీ మీద నిద్రపోయేవాడా?" అన్నాను.

చేతిలో కట్టె పేర్చాడు. ఇంకొకటి తీసుకున్నాడు. ఆ కట్టె మీది బెరడు ఒలుస్తూ నిలబడ్డాడు.

"రాత్రి డ్యూటీలో ఎవడు పడుకుంటాడు?" అన్నాడు. అప్పుడు అతని గొంతులో రోషం వినిపించింది. "ఒక్క రాత్రి కూడా కన్ను మూయలేదు తౌనో. అలాంటివాణ్ణి కునుకు తీశాడన్నాను. చచ్చినవాడి మీద వేశాను ఆ మాట. అప్పట్నుంచి నాకే తిండి సహించట్లేదు."

"మరెందుకు అన్నావు?"

"ఆమె చూసిన చూపు నువ్వు చూళ్ళేదా? ఏదో ఒకటి అనకపోతే చచ్చిపోయేలా ఉంది. ఆమెకు చెప్పకు సిర్కా. చెప్పి ఆ పాపం ఆమె నెత్తిన పెడతావా?"

పెట్టాలని నాకూ లేదు. ఇంటికి వస్తూ దారంతా అతన్ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. చెప్పకపోతే ఊరంతా ఆమె పక్షాన ఉంటుంది, ఆమె తప్పు చేయలేదని అందరూ ఒప్పుకున్నట్టే. చెబితే ఆమె మొగుడు తెలివి ఉండి పిలిచాడు, ఆమె వెళ్ళలేదు. అదొక్కటే కాదు. ఆమెది తప్పయితే ఈ వీధిలో ఆడవాళ్ళందరిదీ తప్పే, మేం మూసి ఉంచిన తలుపులన్నీ తప్పే. నేను రేడియో తగ్గించింది కూడా తప్పే. ఊరికి ఇంక మిగిలింది ఆ మర్యాద ఒక్కటే కదా. కానీ నా జీవితమంతా మచ్చ ఉన్న కాగితాన్ని బాగుందని దొంతరలో పెట్టలేదు. ఆమె పోతోందని కళ్ళారా చూస్తున్నాను. బాగుందన్న మాటే ఆమెను చంపుతోందేమోనని అప్పుడే మొదటిసారి అనిపించింది.

హిల్కా వంటింట్లో ఉంది. బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను.  మంచినీళ్ళు అడిగి తాగాను.

"ఉర్పో చెప్పింది అబద్ధం," అన్నాను. "తౌనో బెంచీ మీద ఎప్పుడూ నిద్రపోలేదట. ఇప్పుడే నాతో ఒప్పుకున్నాడు. నీకు ఊరటగా ఉంటుందని అన్నాడట."

ఆమె నా చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

"గోడవతల నుంచి నేను కూడా విన్నాను, ఇన్నేళ్ళూ. నిద్రలో అందరినీ పిలిచాడు గానీ నిన్నెప్పుడూ పిలవలేదే."

"అయితే ఆ రోజు?"

"ఆ రోజు మెలకువగానే ఉన్నాడు. నిన్నే పిలిచాడు." ఆపేద్దామనుకున్నాను, ఆపలేకపోయాను. "తలుపు తీయాల్సింది హిల్కా."

అన్నాక ఆమె మొహం వైపు చూడలేకపోయాను, గ్లాసు వైపు చూశాను. బయట ఎవరో మంచు తోస్తున్నారు. ఆమె కూలిపోతుందనుకున్నాను. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను, లేదా నన్ను బయటికి పొమ్మంటుందనుకున్నాను.

"తీయాల్సింది," అంది హిల్కా.

తల ఎత్తి చూస్తే ఆమె ఏడుస్తోంది. తౌనో పోయినప్పటినుంచీ ఆమె ఏడవగా ఎవరూ చూడలేదు. చప్పుడు చేస్తూ ఏడుస్తోంది, మా ఇంట్లోకే కాదు, వీధిలోకి కూడా వినబడేలా. మంచు తోసే పార చప్పుడు ఆగిపోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎలా ఓదార్చాలో నాకు తెలియదు, నాకు ఆ పని చేతకాదు. చాలాసేపటికి ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది.

"అందరూ వచ్చి అదే చెప్పారు," అంది. "నా మంచికే. కానీ అది పలవరింతైతే ఆయన నన్ను పిలవనట్టే కదే సిర్కా. ఇన్నేళ్ళ కాపురంలో పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్కసారి. అది కూడా మీరు లాగేసుకుంటే నాకేముంది? తప్పు నాదైతే నాదే కానివ్వు. పిలిచింది మాత్రం నన్ను."